ముందు నువ్వు

“విప్పను. బూట్లు విప్పే ప్రసక్తే లేదు.”

బూట్లు బాగుచేసే పెద్దాయన పరీక్ష గదిలో కుర్చీకి అతుక్కుపోయి కూర్చున్నాడు.

“ఇంట్లో మొండితనం చాలదన్నట్టు ఇక్కడ కూడానా నాన్నా?” కూతురు నడుం మీద చేతులు పెట్టుకుంది. గోడలకి రంగులేసే పని ఆమెది, గోళ్ల నిండా ఇంకా నీలం రంగే. “మనింటి నరాల జబ్బు తాతని మంచాన పడేసింది. అత్తకి పాదాలు వంకరపోయాయి. నువ్వేమో గుమ్మం దాటబోయి రెండుసార్లు బోర్లా పడ్డావు. ఈరోజు పరీక్ష అయ్యేదాకా నిన్నీ గది దాటనిచ్చేది లేదు. నిచ్చెన దిగొచ్చాను దీనికోసం!”

“దిగొచ్చావుగా, అదే పదివేలు,” అన్నాడాయన.

డాక్టరమ్మ బల్లమీది ఫారం ముందుకు లాక్కుంది. కౌంటరు దగ్గర పెద్దాయన ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా తనే నింపిన ఫారం అది.

“ఈమధ్య నడుస్తూ తట్టుకోవడం, కాలు మెలికపడటం ఉందా?”

“ఎందుకు లేదండీ!” కూతురే అందుకుంది. “అయినా మా మెట్లూ అలాగే ఏడ్చాయి. నేను కూడా రోజుకోసారి తట్టుకుంటాను.”

డాక్టరమ్మ రాసుకుంది. “బూట్లు ఎటువైపు అరుగుతాయి?”

“బయటి అంచు,” పెద్దాయన టక్కున అన్నాడు. “దీని బూట్లయితే మరీనూ. ఈ ఏడాదిలో మూడుసార్లు వాటి అడుగులు మార్చాను. ఊరందరి బూట్లూ ఒకెత్తు, దీనివొకెత్తు.”

“నా బూట్ల గోల ఇప్పుడెందుకు? అయినా ఆ జబ్బు నాకు రాలేదు. నేను అమ్మ పోలిక.”

“సరే, లేచి మడమల మీద నిలబడాలి. వేళ్లు పైకెత్తి, పది అంకెలు లెక్కపెట్టేదాకా,” అంది డాక్టరమ్మ.

“అదెలాగో నాకు తెలీదు,” అన్నాడు పెద్దాయన. “ముందు మా అమ్మాయి చేసి చూపిస్తే, నేను బూట్లు విప్పుతా.”

“మాట మీద ఉంటావా?”

“తప్పితే నా సుత్తి నీకిచ్చేస్తా.”

కూతురు గబగబా బూట్లు విప్పి లేచింది. “ఇదో పెద్ద పనా! చూడు, ఇలా...”

వేళ్లు లేవలేదు. ఒళ్లు వెనక్కి తూలింది. చప్పున బల్ల పట్టుకుంది.

“నేల నున్నగా ఉంది,” అని నవ్వింది.

పెద్దాయన నవ్వలేదు. “ఇంకోసారి.”

ఆమె పళ్లు బిగించింది. మొహం ఎర్రబడింది. బంక పెట్టి అంటించినట్టు వేళ్లు నేలకే ఉండిపోయాయి. ఈసారి నిజంగానే పడిపోయేది. వెనకెప్పుడు వచ్చి నిలబడ్డాడో, తండ్రి రెండు చేతులతో పట్టుకున్నాడు.

“పొద్దున్నించీ నిచ్చెన మీదున్న కాళ్లు, అలసిపోయాయి,” అంది ఆమె, గొంతు తగ్గించి. “నా సంగతి వదిలెయ్. నువ్వు మాట నిలబెట్టుకో. విప్పు.”

పెద్దాయన కూర్చుని తాళ్లు లాగాడు. బూటు తీసి, ప్యాంటు పైకి మడిచాడు. పిక్క నుంచి అరికాలి దాకా, పాదం వేలాడకుండా పట్టే కొత్త పట్టీ.

“నా పరీక్ష పోయినవారమే అయిపోయింది తల్లీ. ఇది నిన్న చేతికొచ్చింది.”

“మరి... ఇవాళ మనమెందుకొచ్చాం?”

“అయ్యేదాకా గది దాటనిచ్చేది లేదన్నావుగా. నేనూ అదే అంటున్నా.”

డాక్టరమ్మ ఫారాన్ని ఆమెవైపు తిప్పింది. పేరు రాసే చోట, తండ్రి ఒత్తి ఒత్తి రాసిన అక్షరాల్లో, ఉన్నది ఆమె పేరే.