నాలుగు రాణుల్ని దాచడం

నా చేతిలో రెండు రాణులు, తెరమీద ఇద్దరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో ఇంకో రెండు. నాలుగు రాణులు పడ్డాక ఓడిపోవడమంటూ దాదాపు ఉండదు.

సరస్సు ఒడ్డున మా కుటుంబపు క్యాబిన్‌లో జూలై మొదటివారం ఎవరుండాలో ఏటా ఈ ఆన్‌లైన్ పోకరే తేలుస్తుంది. ఈసారి ఆటలో చివరికి మిగిలింది నేనూ, మా ఆయన వెండెల్ మేనత్త లోర్నా. ఏటా గెలిచేది ఆవిడే. మాకు మిగిలేది దోమల జూన్.

అత్త తన పందెం బిళ్లల్లో సగం ఒడ్డింది.

"సరే అని నొక్కెయ్!" అన్నాడు నా పక్కనే కూర్చున్న వెండెల్.

"ఆగు. వెంటనే నొక్కితే పెద్ద ముక్కలున్నాయని పసిగట్టేస్తుంది. కాస్త నానిస్తే, పాపం ఎటూ తేల్చుకోలేక చస్తోందనుకుని మిగతా సగమూ ఒడ్డుతుంది."

తెరమీద గడువు చూపించే గడియారం పది సెకన్లకి దిగింది. నేను నుదుటిమీద చెయ్యి పెట్టుకుని నిట్టూర్చాను.

"ఆ నటన ఎవరికి? ఆవిడకి నువ్వు కనపడవు!"

ఆ మాటకి నవ్వొచ్చింది. నవ్వేలోపు గడువు అయిపోయి, ఆటే తనంతట తాను నా ముక్కల్ని పారేసింది. అంటే ఆ పందెం నేను వదులుకున్నట్టే.

వెండెల్ ఆగలేక ఫోన్ స్పీకర్‌లో పెట్టి అత్తకే చెప్పేశాడు. "నాలుగు రాణులత్తా! నాలుగూ పారేసింది!"



"నాకు ఇస్పేటు పది నుంచి ఆసు దాకా వరస పడిందిరా," అంది అత్త నీరసంగా. "దాన్ని కొట్టేది లేదు. నలభై ఏళ్లలో మొదటిసారి. ఆ పిల్ల ఎలా కనిపెట్టిందిరా? దానితో ఇంక నేనాడలేను. జూలై మీరే తీసుకోండి."

వెండెల్ నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఫోన్ లాక్కున్నాను.

"మీరు పందెం ఒడ్డిన తీరులోనే తెలిసిపోయిందత్తయ్యా."