చిలకమ్మ గ్లౌజు

లంబసింగిలో జనవరి అంటే ఆపిల్ కొమ్మలు కత్తిరించే కాలం, ఆకులన్నీ రాలి చెట్లు నిద్రపోతుంటాయి కదా! ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్న చిలకమ్మ చేతికి తోట కంపెనీ కదలికలు రికార్డు చేసే ఓ గ్లౌజు తొడిగింది. ఈరోజు ఆమె చెయ్యి ఎలా కదిలితే, రేపు నాలుగొందల మరచేతులు లోయంతా అలాగే కదులుతాయి. ఆ తర్వాత ఆమెకి పని లేదు.

"తొందరగా కానీ, ముసల్దానా!" అన్నాడు సూపర్‌వైజర్ కిరీటి. "ఆ గరుకు పొట్టి పుల్లలన్నీ తీసెయ్. చెట్టు నున్నగా కనబడాలి."

కాయలు కాసేది ఆ పొట్టి పుల్లలకే! పోతే మళ్లీ రావడానికి మూడేళ్లు పడుతుంది. ఆ సంగతి తెలిసిన చిలకమ్మ గ్లౌజు చేతిని అతని వైపు చాపింది.

"గట్టిగా సెప్పండి బాబూ, గ్లౌజు కూడా ఇనాల. అన్నీ తీసీమన్నారా?"

"అన్నీ! ఒక్కటి మిగిలినా ఊరుకోను!"

గ్లౌజు అతని గొంతునీ రికార్డు చేసుకుంది. చిలకమ్మ ఒక్కటీ మిగల్చకుండా కత్తిరించింది.

మర్నాడు లోయంతా టకటకలు వినబడుతుంటే ఆమె మొగుడు సింహాద్రి కంగారుపడ్డాడు. "పొట్టి పుల్లలు కొట్టేత్తన్నాయే! ఆడికి సెప్పలేదేటి?"

చిలకమ్మ తాపీగా టీ ఊదుకుంది. "ఆడు నా సేతుల్నే అడిగినాడు మావా. నా బుర్రనడగలేదు."