ఎండ తినే తెరచాప

డీజిలు పడవలన్నీ మూలన పడ్డాక, మసేను నావకి కూడా ఎండ తిని కరెంటు ఇచ్చే తెరచాప, మాట్లాడే మోటారు వచ్చాయి. ఇప్పుడు నీళ్లు తగ్గేలోగా ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి రేవు చేరకపోతే, నావ ఇసుకలో కూరుకుంటుంది, పట్టిన చేపలు పాడైపోతాయి. సముద్రానికి పోటు తగ్గుతోంది, మసేనుకు తలపోటు పెరుగుతోంది. వెనక నుంచి బంగారంలాంటి గాలి వీస్తుంటే, తెరచాప మాత్రం సూర్యుడి వైపు తిరిగి కూర్చుంది.

“గాలికి తిరగవే తల్లీ!” అని మొక్కాడు మసేను.

“ముందు ఛార్జింగు, తర్వాత ప్రయాణం,” అంది నావ.

నావలో చేపల గంప పక్కన కూర్చున్న పెళ్లాం నూకాలు కిసుక్కున నవ్వింది. “నానొక్కదాన్నే నీ మాట ఇననని ఏడిసీవోడివి కదా మావా! నాకూ తోడు దొరికిందిలే.”

మసేను పళ్లు నూరుతూ తాళ్లు లాగి తెరచాపను గాలికి తిప్పాడు. నావ ఒక్క ఉరుకు ఉరికి, అంతలోనే నత్తలా మారింది.

“మళ్లీ ఏటైందే?”

“నీళ్ల జోరుతో కింద పంకా తిప్పి కరెంటు పట్టుకుంటున్నాను.”

“ఆపెయ్యే ఆ పంకా!”

“ఛార్జింగు సగంలో ఆపకూడదు.”

మొగ దగ్గర నావ అడుగు కర్రుమని ఇసుకను గీరి ఆగిపోయింది. చుట్టూ మోకాలి లోతు నీళ్లే మిగిలాయి.

“ఛార్జింగు నిండింది,” అంది నావ ఉత్సాహంగా. “ఎక్కడికి వెళ్దాం?”

నూకాలు చీర ఎగ్గట్టి, చేపల గంప నెత్తికెత్తుకుని నీళ్లలోకి దిగింది. “నాను నడిసెల్తన్నాను మావా. మీరిద్దరూ తీరిగ్గా మాటాడుకుని రండి.”