గండికోట డ్రైవరు పెండ్లాం

“ఆ మోకాళ్లు పెట్టుకోని కోట ఎక్కుతావా? ఆడ నిన్ను ఎవురు మోయాల?” అన్నాడు హబీబుల్లా, కారు డోరుకు అడ్డంగా నిలబడి.

“ఎక్కేది నా కాళ్లు. నీ వీపు కాదులే, జరుగు,” అని గుల్జార్‌బీ మొగుణ్ణి పక్కకు తోసి, ముందు సీట్లో కూర్చుని డోరు వేసుకుంది.

ప్రొద్దుటూరులో హబీబుల్లా అంటే ఎవరికీ తెలియదు. గండికోట డ్రైవరంటే అందరికీ తెలుసు. బెంగుళూరు వాళ్లు వచ్చినా, హైదరాబాదు వాళ్లు వచ్చినా, ట్రావెల్సు ఓనరు అతన్నే పంపుతాడు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే చాలు, కోటంతా పెళ్లాం కళ్లకు కట్టినట్టు చెప్పేవాడు. మసీదు మినార్లు, దాని పక్కన ధాన్యం కొట్టు, మాధవరాయస్వామి గుడి గోపురం, లోయ అంచున మనిషిని తోసేసే గాలి. వింటూ వింటూ గుల్జార్‌బీ ముద్ద కలపడం కూడా మర్చిపోయేది.

“నన్నెప్పుడు పిల్సుకోని పోతావు?” అంటే మాత్రం, “ఎండలు తగ్గనీ” అనేవాడు. ఎండలు తగ్గితే వానలు. వానలు పోతే సీజను, కారు ఖాళీ ఉండదు. పెళ్లయిన కొత్తలో అడిగింది, కూతురి పెళ్లయినా తీరలేదు.

మొన్న పులివెందులలో కూతురు ఆర్షియా ఇంటికి పోయినప్పుడు, వియ్యపురాలు షహనాజ్ నలుగురిలో అడిగింది.

“గండికోట పోదామనుకుంటాండాం వదినా. ఆడ ముందు ఏం సూడాల?”

గుల్జార్‌బీ నీళ్లు నమిలింది. షహనాజ్ ఘొల్లున నవ్వింది.

“గండికోట డ్రైవరు పెండ్లాం గండికోట సూడలేదంట! నిన్ను ఎంటబెట్టుకోని తిరిగేదానికి అన్నకు నామోషీ ఏమో!”

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. గుల్జార్‌బీ కూడా నవ్వింది గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊరూపేరూ తెలియని వాళ్లకు డోరు తీసి నిలబడే మొగుడు తనకెందుకు తియ్యడు? లావయ్యాననా? కుంటుతున్నాననా? ఈ సంగతి తేలాల్సిందే అనుకుంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. గుల్జార్‌బీ ముందు ఆ మొండివాడు కూడా దిగదుడుపే.

ఇప్పుడు జమ్మలమడుగు దాటాక హబీబుల్లా బండి నిదానం చేశాడు.

“మైలవరం డ్యాం సూసుకోని ఎనక్కి పోదామా? నీళ్లు శానా ఉండాయంట.”

“కోటకు పోనీ.”

“ఆడ బండి కాడ మనిషి ఉండాల మే. కోతులు అద్దాలు పెరుకుతాయి.”

“ఒక్క పూటకు పెరకనీలే. పోనీ.”

కోటలో కారు ఆగిందో లేదో, టీ కొట్టు వెంకటమ్మ చంకలో చాపతో ఎదురొచ్చింది.

“రా మామా! ఈ పొద్దు లేటయినావే? నీడన చాప పరుస్తాండా, కూచో.”

“ఇప్పుడొద్దులేమ్మా,” అని గొణిగాడు హబీబుల్లా.

ఇక్కడి వాళ్లందరికీ అయినవాడు, తనకొక్కదానికే కానివాడు. గుల్జార్‌బీకి ఒళ్లు మండింది. కొంగు నడుముకు దోపి ముందుకు నడిచింది.

మసీదు ముందు ఆగి దువా చేసుకుంది. హబీబుల్లా తలెత్తి మినార్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.

“లోయ యాడ?”

“ఇట్ల రా,” అని ధాన్యం కొట్టు వెనక్కి తీసుకుపోయాడు. కాస్త దూరం పోగానే ముళ్లకంప అడ్డమొచ్చింది.

“ఏందిది? దావ మర్చిపోయినావా?”

“కంప కొత్తగా మొల్సినట్టుండాది.”

ఇంతలో కాలేజీ పిల్లలు నలుగురు నవ్వుకుంటూ ఇంకోవైపు నుంచి వచ్చారు. వాళ్లు వచ్చిన దిక్కు చూసి, “అట్లనే, అట్లనే పోవాల,” అంటూ తిరిగాడు.

కావాలనే తిప్పుతున్నాడు, కాళ్లు నొప్పెట్టి ఎనక్కి పోదామంటానని చూస్తున్నాడు అనుకుంది గుల్జార్‌బీ. చచ్చినా అననని పళ్లు బిగించింది.

చివర్న అన్నీ బండలే. అతను చెయ్యి అందిస్తే విదిలించుకుంది. చేతులూ మోకాళ్లూ ఆనించి, ఆయాసపడుతూ, ఒక్కో బండా పాకుతూ ఎక్కింది. ఆఖరి బండ మీద నిటారుగా నిలబడింది.

రెండు ఎర్రటి కొండగోడల మధ్య, ఎక్కడో కింద, పెన్న పచ్చగా వంపు తిరిగి పోతోంది. గాలి కొంగును లాగేసింది. మొగుడు చెప్పింది చెప్పినట్టే ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు. అది చూసేసరికి ఆమెకు సంతోషమూ, ఇన్నేళ్ల ఉక్రోషమూ కలిసి ఏడుపొచ్చేసింది.

“ఇంత అందం ఇన్నేండ్లూ నువ్వొక్కడివే సూసుకున్న్యావు గదా! నన్ను ఎంటబెట్టుకోని వస్తే నామోషీనా నీకు? ఈ పొద్దన్నా నిజం చెప్పు!”

వెనక్కి తిరిగి చూసింది. హబీబుల్లా బండ మీద చతికిలబడి ఉన్నాడు. కళ్లు లోయ మీంచి కదలడం లేదు.

ఆమె కోపం కాస్తా కంగారయింది.

“ఏమైందయ్యా? దినామూ సూసేదే గదా!”

అతను భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“దినామూ నేను బండి కాడనే కాపలా, సూసొచ్చినోళ్లు చెప్పుకునేది ఇని నీకు చెప్తాంటి. నేను గూడా సూసేది ఇదే మొదలు, గుల్జార్.”