మడమ మెలిక

చీటీ తీసింది బడి పంతులమ్మ. మొదటి పట్టు ఎవరెవరికో చదివింది. ఇంగ్వీ, బ్రాందుర్.

 పొద్దున అక్క సాల్వోర్ పోరుపెట్టి తినిపించిన చిక్కటి పెరుగు ఇంగ్వీకి గొంతుదాకా వచ్చింది. ఎలాగూ అందరూ అందరితో పట్టు పట్టాల్సిందే. కానీ బ్రాందుర్ వంతు ఆఖరున వస్తుందనీ, ఈలోగా ఏ మంచు తుపానో వచ్చి పోటీలు ఆగిపోతాయనీ ఆశపడ్డాడు. కిటికీలోంచి చూస్తే ఆకాశం శుభ్రంగా ఉంది. సరస్సు మీద మంచుగడ్డ తళతళలాడుతోంది.

రెండేళ్ళ తర్వాత అతను గ్లీమా కుస్తీ పట్టీలు కట్టుకోవడం ఇదే మొదలు. నడుముకొకటి, ఒక్కో తొడకీ ఒకటి, మొత్తం మూడు తోలు పట్టీలు. పట్టుకోవలసింది వాటినే, ఒంటిని కాదు. ఇన్నాళ్ళూ అవి గొర్రెల కొట్టంలో మేకుకి వేలాడాయి.

రెండేళ్ళ కిందట ఇదే హాలు, ఇదే చెక్కనేల, ఇదే బ్రాందుర్. ఎదుటివాడి మడమ వెనక కాలు మెలేసి పడగొట్టే మడమ మెలిక పడింది. వెంటనే ఎముక విరిగిన చప్పుడు, ఎండుపుల్ల విరిచినట్టు. హాల్లో అందరూ విన్నారు. నాలుగు రోజులు చెప్పుకున్నారు, మర్చిపోయారు. ఇంగ్వీ మర్చిపోలేదు. ఆ చలికాలమంతా అతనికి ఆసుపత్రి మెట్లతోనే సరిపోయింది. గొర్రెలు ఈనే రోజులొచ్చాక కూడా, కొట్టంలో ఎక్కడ పుల్ల విరిగినా ఉలిక్కిపడేవాడు.

మళ్ళీ దిగేవాడే కాదు. బ్రాందుర్ ఊరుకోలేదు. మూడుసార్లు కబురు పంపాడు. ఇంగ్వీ వస్తేనే తనూ వస్తాడట, వాడితో తనకి పని మిగిలిపోయిందట. పెట్రోలు బంకులో కాఫీ తాగేవాళ్ళందరికీ వారం రోజులపాటు అదే కబురు. పని మిగిలిపోవడమంటే ఏమిటో అడిగే ధైర్యం ఇంగ్వీకి లేకపోయింది.

"మళ్ళీ అలా జరగదురా," అంది సాల్వోర్, అతని తొడపట్టీ బిగిస్తూ. "ఒకసారి అతికిన ఎముక మరీ గట్టిపడుతుందని డాక్టరు చెప్పలేదూ?"

"నువ్వు దూరంగా కూచుని విన్నావక్కా. నేను దగ్గర్నుంచి విన్నాను."

 ఇవాళ కూడా తనవల్ల కాకపోతే పట్టీలు కోసి గుర్రానికి కళ్ళెం చేసేస్తాననీ, ఇక గ్లీమా పేరెత్తననీ అన్నాడు ఇంగ్వీ. అంత పిరికి కళ్ళెం కట్టుకోవడానికి గుర్రం ఒప్పుకోవద్దా అంది సాల్వోర్. నవ్వించాలని చూసింది గానీ, బిగించిన పట్టీనే విప్పి మళ్ళీ బిగించింది.

అతను చివరి ప్రయత్నంగా మధ్యవర్తి ఎగ్గెర్ట్ దగ్గరికెళ్ళి, ఒంట్లో బాగోలేదని చెప్పాడు. ఎగ్గెర్ట్ ముసలాయన. ఇలాంటి రోగాలు చాలా చూశాడు. బలవంతమేమీ లేదనీ, అయితే ఆ మాట బ్రాందుర్‌కి ఇంగ్వీయే చెప్పుకోవాలనీ, ఆ పిల్లాడు యాభై మైళ్ళు మంచులో బండి నడుపుకుంటూ వచ్చాడనీ అన్నాడు.

ఇంగ్వీ అటు చూశాడు. బ్రాందుర్ గోడకానుకుని నిలబడి, కళ్ళార్పకుండా తననే చూస్తున్నాడు. నవ్వుతున్నాడు కూడా.  ఆ మొహం చూస్తూ రానని చెప్పడం కంటే బరిలోకి పోవడమే ఇంగ్వీకి తేలికనిపించింది.

చేతులు కలిపారు. పట్టీలు పట్టుకున్నారు. గుండ్రంగా అడుగులు మొదలయ్యాయి.

గ్లీమాలో ఎదుటివాడి కాళ్ళకేసి చూడకూడదు. అతని భుజం మీదుగా ఎటో చూస్తూ ఉండాలి. మిగతాదంతా చేతులకే తెలియాలి. ఇంగ్వీకి గోడా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న అక్కా కనబడుతున్నారు. చేతులకి మాత్రం భయం తప్ప ఏమీ తెలియడం లేదు.

"నీ వణుకు నా నడుందాకా వస్తోంది," అన్నాడు బ్రాందుర్ అతని చెవిలో.

మొదటి సందు దొరికింది. ఇంగ్వీ కాలు కదపలేదు. రెండోది దొరికింది. అదీ వదిలేశాడు. ఎగ్గెర్ట్ ఆట ఆపి మందలించాడు. ఇది పెళ్ళిలో నాట్యం కాదనీ, ఇంకోసారి ఇలా చేస్తే ఓడినట్టేననీ చెప్పాడు. జనం నవ్వారు. మళ్ళీ అడుగులు. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి వదలకూడదు.

"భయమా?" అన్నాడు బ్రాందుర్.

"అవును."

"అయితే మడమ మెలిక వెయ్యి. నువ్వు వెయ్యకపోతే నేను వేస్తా."

 బ్రాందుర్ బరువు ముందుకి కదలడం ఇంగ్వీ చేతులకి తెలిసింది. తర్వాత ఆలోచించిందేమీ లేదు. భయానికే కాలు దానంతటది వెళ్ళి బ్రాందుర్ మడమ వెనక పడింది. బ్రాందుర్ గాల్లోకి లేచి, చెక్కనేల అదిరేలా వెల్లకిలా పడ్డాడు.

హాలంతా చప్పట్లు. సాల్వోర్ లేచి నిలబడింది.

ఇంగ్వీ చేతులెత్తలేదు. పడేసినచోటే నిలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చప్పట్ల వెనక ఆ ఎండుపుల్ల చప్పుడు ఎక్కడైనా ఉందేమోనని వింటున్నాడు. చప్పట్లు మెల్లగా ఆగిపోయాయి. బ్రాందుర్ ఇంకా లేవలేదు. ఎగ్గెర్ట్ గబగబా రెండడుగులు వేశాడు. ఇంగ్వీ కళ్ళు తెరిచాడు.

నేలమీద పడుకునే బ్రాందుర్ తన ఎడమ పిక్క మీద రెండుసార్లు గట్టిగా చరిచి, లేపమని ఇంగ్వీకి చెయ్యి అందిస్తూ, "చూసుకో, అప్పుడు నువ్వు విరగ్గొట్టిన కాలు ఇదే, ఈసారి విరగలేదు," అన్నాడు.