ఓడ టైం, ఊరి టైం

"ఎక్కడికమ్మా ఇవాళ ప్రయాణం?"

ముసలాయన అడగనే అడిగాడు. టైం కీపర్ చెంచాను టపీమని పళ్లెంలో పడేశాడు.

ఇరవై మూడు రోజుల ఓడ ప్రయాణంలో అది పదకొండో రోజు. పదకొండు రోజులుగా అదే బల్ల, అదే ముసలాయన, అదే ప్రశ్న. ఒంటరిగా వచ్చిన మనిషి. ఎవరు ఏ రేవులో దిగి ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో కనుక్కుంటే తప్ప ఆయనకు టిఫిన్ సహించదు.

టైం కీపర్ ఆయనకు 'ఆరా మాస్టారు' అని పేరు పెట్టాడు. చాటుగా కాదు, వినపడేట్టే పిలుస్తాడు.

టైం కీపర్ అంటే ఏమనుకున్నారు! ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో అదే ఉద్యోగం. రెండు నిమిషాలు ఆలస్యమైన డ్రైవర్ని పదిమందిలో నిలబెట్టి కడిగిపారేసిన మనిషి. రిటైరయ్యాక భార్యతో ఓడెక్కాడు. ఓడవాళ్లు తిప్పే టూర్లంటే ఆయనకు ఒళ్లు మంట. జెండా పట్టుకున్నవాడి వెనకాల గొర్రెల్లా నడవడమేమిటని ప్రతి రేవులోనూ సొంతంగానే తిరుగుతాడు.

"కోటకి," అన్నాడు టైం కీపర్.

భార్య ఉలిక్కిపడి చూసింది. వాళ్లు వెళ్తున్నది బీచికి. కోట ఊరికి ఆ చివర, కొండ మీద ఉంది.

"మంచిది బాబూ. ఒక్క మాట. అయిదింటికల్లా ఎక్కాలన్నారు కదా, అది ఓడ టైం. ఈ ఊళ్లో గడియారం..."

"ఏమయ్యా! నాకు టైం చెప్తున్నావా? నాకు?"

పక్క బల్లలవాళ్లు తలలు తిప్పారు.

"అది కాదు నాయనా..."

"పెద్దాడివని ఊరుకుంటుంటే నెత్తికెక్కుతున్నావ్. నీ పని నువ్వు చూసుకో. మా వెంటపడకు."

ముసలాయన మొహం చిన్నబోయింది. సగం తాగిన కాఫీ వదిలేసి లేచి వెళ్లిపోయాడు.

మెట్లు దిగుతూ భార్య నసిగింది. "అబద్ధం ఎందుకు చెప్పారండీ? పాపం."

"నిజం చెప్తే అక్కడికీ వచ్చి జిడ్డులా పట్టుకుంటాడు."

"ఏదో చెప్పబోయాడు కదా..."

"చాల్లే, నడు."

రేవు గేటు దాటగానే గడియార స్తంభం ఉంది. టైం కీపర్ ఆగాడు. తన వాచీ చూసుకున్నాడు. సరిగ్గా గంట తేడా. నవ్వి, వాచీని గంట వెనక్కి తిప్పాడు.

"ఏ స్టాండులో దిగితే ఆ స్టాండు గడియారమే టైం. డిపో రూలు. ఓడవాళ్లకి ఇంత జ్ఞానం కూడా లేదు!"

బీచిలో గొడుగు కింద కుర్చీలు అద్దెకు తీసుకున్నారు. నీళ్లలో ఆడారు, తిన్నారు. ఆయన హాయిగా ఒక కునుకు కూడా తీశాడు. వాచీలో మూడూ నలభై అయింది. దూరంగా ఓడ కూత పెట్టింది.

"ఏవండీ, మన షిప్పేనండీ."

"ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. కంగారు పెట్టకు."

కుర్చీలు మడుస్తున్నవాడు ఆగి చూశాడు.

"మీరు ఆ షిప్పువాళ్లా? మీవాళ్లంతా ఎప్పుడో వెళ్లిపోయారే! షిప్పులో ఇప్పుడు నాలుగూ నలభై సార్. అది మా ఊరి టైం చూడదు, దాని టైమే దానిది."

టైం కీపర్ వాచీ వంకా, ఓడ వంకా చూసి దిగ్గున లేచాడు.

పాస్‌పోర్టులు ఓడలో, గదిలో ఉన్నాయి. భార్య ఇన్సులిన్ గదిలోనే ఉంది. తర్వాతి రేవు రెండు రోజుల దూరం. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. దొరికిన బండెక్కారు. దారంతా ఆవిడ ఏడుస్తూనే ఉంది, ఆయన బండివాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

చేరేసరికి ఓడ టైం అయిదూ ఏడు. రేవులో బండి ఆగగానే పైన రెయిలింగు పట్టుకుని నిలబడ్డ జనం చప్పట్లు కొట్టి ఈలలు వేశారు. ఆలస్యంగా వచ్చేవాళ్లని చూడడం ఓడలో అందరికీ వేడుక. టైం కీపర్ తల వంచుకుని మెట్లెక్కాడు. జన్మలో అంత అవమానం ఎరగడు.

మెట్లు లాగేశారు. ఓడ కదిలింది. హమ్మయ్య అనుకుంటూ ఇద్దరూ రెయిలింగు దగ్గర కూలబడ్డారు.

మళ్లీ ఈలలు!

కింద రేవు మీద ఎవరో చేతులూపుతూ పరిగెత్తుకొస్తున్నారు. నాలుగడుగులు పరిగెత్తడం, వంగి రొప్పడం, మళ్లీ పరిగెత్తడం.

టైం కీపర్‌కి ప్రాణం లేచొచ్చింది. తనకంటే వెధవ ఒకడు దొరికాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"టైం తెలీని మనుషులు! ఇలాంటివాళ్లని ఎంతమందిని చూశాను!"

భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, ఆయనేనండీ. ఆరా మాస్టారు."

"శాస్తి జరిగింది! నాకు టైం చెప్పొచ్చాడు పెద్ద!"

రేవుకీ ఓడకీ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి. ముసలాయన చివరిదాకా వచ్చి ఆగిపోయాడు. ఆవిడ చూడలేకపోయింది. మెట్లు ఎత్తించి పైకొచ్చిన కాపలాదారు మీద విరుచుకుపడింది.

"పెద్దాయన కదయ్యా! రెండు నిమిషాలు ఆపితే మీ సొమ్మేం పోయింది?"

"అప్పటికే పది నిమిషాలు ఆపామమ్మా. అయినా ఆయన ఆలస్యంగా రాలేదు. మధ్యాహ్నం మూడింటికే వచ్చేశారు."

"మరి?"

"నాలుగింటికి మళ్లీ మెట్ల దగ్గరికొచ్చారు. 'మా బల్ల దగ్గర కూర్చునే టైం కీపర్, వాళ్లావిడ ఇంకా ఎక్కలేదా?' అని అడిగారు. లేదన్నాను."

టైం కీపర్ చేతులు ఆగిపోయాయి.

"వద్దండీ అంటున్నా వినలేదమ్మా. 'వాళ్లు కోట దగ్గరుంటారు, టైం తెలీదు పాపం, వెళ్లి తీసుకొచ్చేస్తా' అంటూ దిగిపోయారు."