కిడెన్ 'నేను' అన్నప్పుడు

ఉగాండా సరిహద్దు శిబిరంలో, దక్షిణ సూడాన్ నుంచి వచ్చేవాళ్ళ గోడు విని రాసుకోవడం నా ఉద్యోగం. వాళ్ళ కక్వా భాష నాకు రాదు. అక్కణ్ణుంచే వచ్చిన కిడెన్ నా దుబాసీ. దుబాసీలకు మా దగ్గర ఒక నియమం ఉంది. "ఆమె ఇలా అంటోంది" అనకూడదు. ఎదుటి మనిషి మాటను "నేను" అనే చెప్పాలి.

అందుకే పాతికేళ్ళ కిడెన్ "నా ముసలి మోకాళ్ళు పట్టేశాయి, తొందరగా కానివ్వమ్మా" అనేసరికి, ఎదురుగా కూర్చున్న ముసలామెతో పాటు నేనూ నవ్వాను.

నేను తల వంచుకునే రాస్తాను. కళ్ళలోకి చూస్తే చాలామందికి గొంతు పెగలదు.

"దారిలో ఎవర్నైనా పోగొట్టుకున్నారా?" అని అడిగాను.

ముసలామె ఏదో చెప్పింది.

"నా కొడుకు ఇక నడవలేకపోయాడు," అంది కిడెన్. "వెనకాల తుపాకుల మోత. వాణ్ణి చెట్టు కింద కూర్చోబెట్టాను. దోసిట్లో వేరుశనక్కాయలు పోశాను. 'ఒక్కొక్కటే ఒలుచుకు తిను నాన్నా, అయిపోయేలోగా వచ్చేస్తా' అన్నాను. సరేనని తలూపాడు."

నా పెన్ను ఆగిపోయింది. "అందులో నీ తప్పేం లేదమ్మా," అన్నాను, తలెత్తకుండానే.

ముసలామె బల్ల మీదుగా వంగి నా చెయ్యి పట్టుకుంది. నేనూ కిడెనూ మాట్లాడుకునే స్వాహిలీలోనే, వచ్చీరాకుండా అడిగింది: "ఏం తప్పమ్మా? మా కుంటి మేకను దారిలో వదిలేశానన్నాను, అంతే. నా కడుపున ఒక్క కాయా కాయలేదు."

తలెత్తి చూశాను. కిడెన్ తన ఖాళీ దోసిట్లోకి చూసుకుంటోంది.

"అడగండి మేడమ్," అంది. "మళ్ళీ వెళ్ళావా అని నన్ను అడగండి."